బజారు యంత్రము నిలిచినపుడు



మొన్న మా ఊరి రచ్చబండ కడ ఒక వృద్ధ రైతు నన్ను నిలిపి, "నాయనా, వెండి ధర పైకి పోవుచుండగా అమెరికాలో బజారు యంత్రమును కావలెననియే ఆపివేసిరట, నిజమేనా?" అని యడిగెను. ఆయన మనుమడు చేతిలోని ఫోనుతోనే వెండి బేరములు చేయుచున్నాడు. ఈ మాటయు ఆ ఫోనులోనే వచ్చినదట. అవునన్నను, కాదన్నను తొందరపాటే యగునని తోచి, ఆనాడు నేను ఊరకుంటిని. ఆ సమాధానమును నేడు మీ యందరియెదుట చెప్పదలచితిని.

మొదట యంత్రపు బజారన నేమో తెలిసికొందము. మన పశువుల సంతలో దళారి తువాలు క్రింద వ్రేళ్లు పట్టి బేరము కుదుర్చుట మీరెల్లరు చూచినదే. ఆ బేరము ఇద్దరికి మాత్రమే తెలియును. యంత్రపు బజారులో దళారి వ్రేళ్ల పని కంప్యూటరు చేయును. కొనువారు చెప్పిన ధరలన్నియు ఒక వరుసను, అమ్మువారు చెప్పిన ధరలన్నియు మరియొక వరుసను నిలుచును. రెండు వరుసలలోని ధరలు కలిసినచోట బేరము ముగియును. ఒకే ధర చెప్పినవారిలో ముందు వచ్చినవానికే ముందు వంతు. ఎవరు ఏ క్షణమున ఏమి చెప్పిరో, ఎపుడు ఉపసంహరించుకొనిరో అంతయు యంత్రములో వ్రాయబడియుండును. ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనుడు, ముందు దీనితో పని కలదు.

ఇట్టి యంత్రములు వేలకొలదిగ ఒకే భవనమున రాత్రింబవళ్లు పనిచేయుచు మిక్కిలి వేడెక్కును. ఆ వేడిని తీసివేయుటకు పెద్ద చల్లదనపు ఏర్పాటు ఉండవలెను. అది చెడినచో యంత్రములు కాలిపోకుండుటకై వానిని ఆపక తప్పదు.

చికాగో నగరపు సి.ఎం.ఇ. అను బజారునకు ఇదియే సంభవించెను. దాని యంత్రములు అరోరా అను ఊరిలో, సైరస్‌వన్ అను వేరొక సంస్థవారి భవనమున నున్నవి. 2025 నవంబరు 28వ తేదీన, మన గడియారము ప్రకారము ఉదయముననే, అచటి చల్లదనపు ఏర్పాటు చెడి బజారు నిలిచిపోయెను. పది గంటలకు పైగా మూతపడి, మనకు సాయంకాలము 7 గంటలైనపుడు మరల తెరువబడెను. ఆ దినములలో వెండి ధర మున్నెన్నడు లేనంత యెత్తున నుండెను. కావుననే, "ధర పెరుగుట ఇష్టము లేని పెద్ద వర్తకులు చేయించిన పని యిది" అను మాట లోకమంతట వ్యాపించెను.

ఈ అనుమానమును మనము కాటాలో పెట్టి తూచి చూతము. ఆనాడు నిలిచినది వెండి యొక్కటి కాదు. గోధుమలు, మొక్కజొన్నలు, ముడి చమురు, బంగారము, అమెరికా ప్రభుత్వపు ఋణపత్రములు, వీని వాయిదా బేరములన్నియు నిలిచినవి. వెండిని అణచుటకై ఇన్నింటిని ఆపుట, ఒక చెట్టు కొట్టుటకై తోపు తగులబెట్టినట్లగును. మరియు, బజారు తెరచిన పిమ్మట ఆ దినముననే వెండి ఔన్సు ఒక్కింటికి 56 డాలర్లు దాటి క్రొత్త యెత్తునకు పోయెను. అణచుటయే ఉద్దేశమైనచో అది నెరవేరలేదు. మూతపడినంతసేపు కొన్నవాడును అమ్మినవాడును సమానముగ చిక్కుకొనిరి. కావున ఆ అనుమానమునకు తగిన ఆధారము నాకు కానరాలేదు.

అట్లని ఆ బజారువారి తప్పు లేదని నేననను. వారికి వేరొకచోట రెండవ యంత్రశాల కలదు. చెడినది త్వరలోనే బాగగునని తలచి వారు పనిని అచటికి మార్చలేదు. అది కుట్ర కాదు, తప్పుడు అంచనా. అయినను నష్టపోయినవానికి రెండును ఒకటిగనే తోచును.

మన దేశమునందును ఇట్టిది జరిగినది. 2021 ఫిబ్రవరి 24వ తేదీన బొంబాయిలోని జాతీయ స్టాక్ ఎక్స్ఛేంజి ఉదయము 11 గంటల 40 నిమిషములకు నిలిచిపోయెను. తంతి మార్గములు సమకూర్చు రెండు సంస్థల లంకెలు చెడుటచేత, నష్టభయమును లెక్కించు యంత్రము అందకపోయినదని కారణము చెప్పిరి. బజారు ముగియు వేళ 3 గంటల 30 నిమిషములు. మరల తెరతురో తెరువరో తెలియక, అనేక దళారులు తమ ఖాతాదారుల బేరములను రెండవ బజారైన బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజిలో దొరికిన ధరకు ముగించివేసిరి. అటుపిమ్మట 3 గంటల 45 నిమిషములకు జాతీయ ఎక్స్ఛేంజి తెరచుకొని 5 గంటల వరకు నడచెను. ఆ కొద్ది నిమిషముల తేడాచే నష్టపోయినవారు అనుమానపడకుందురా? యంత్రము చెడుట ఒక కీడు, తెరచు వేళను ముందుగ చెప్పకుండుట అంతకు మించిన కీడు. మౌనము అనుమానమునకు ఎరువు. నియంత్రణాధికారియైన సెబీ ఆ మరుసటి నెలలోనే క్రొత్త నిబంధన చేసెను. ముఖ్య యంత్రము చెడినచో 30 నిమిషములలో ఆపదను ప్రకటించి, అటుపై 45 నిమిషములలో రెండవ యంత్రశాలనుండి పని సాగింపవలెనని దాని సారము.

ఇక అనుమానములన్నియు వట్టివేయని తలంపరాదు. 2010 మే 6వ తేదీన అమెరికాలో డౌజోన్స్ సూచి కొలది నిమిషములలో దాదాపు 1000 అంకెలు పడి, మరి కొలది నిమిషములలో చాలవరకు లేచెను. ఒక పెద్ద సంస్థ యంత్రము ద్వారా ఒక్కసారిగ అమ్మజూపుటయే దీనికి మొదలని ఆ యేటి ప్రభుత్వ విచారణలో తేలెను. అయిదేండ్ల తరువాత, 2015లో, లండను ప్రాంతమున తన యింటనే కూర్చుండి బేరములు చేయు నవీందర్ సరావ్ అను నతడు పట్టుబడెను. అమ్మదలచని సరకును అమ్మెదనని పెద్ద పెద్ద బేరములు చూపి, ధర తగ్గగనే వానిని ఉపసంహరించుకొనుట అతని పని. సంతలో కొనని పశువునకు ధర కట్టి, ఇతరులను తప్పుదారి పట్టించు దొంగబేరము వంటిదే యిది. అతడు 2016లో నేరము నొప్పుకొనెను. ఆనాటి పతనమునకు అతడొక్కడే కారకుడని చెప్పరాదు గాని, అతని మోసము మాత్రము నిజము.

అతడు పట్టుబడినది వదంతులచేత కాదు, యంత్రములో మిగిలిన వ్రాతచేత. నేను జ్ఞాపకముంచుకొమ్మన్న సంగతి యిదియే. పుకారునకు సాక్ష్యము లేదు, యంత్రపు వ్రాతకు కలదు. కనుక యంత్రము నిలిచినదని విన్నపుడు మీరు ఈ ప్రశ్నలు వేయుడు. ఒక్క సరకే నిలిచినదా, అన్నియు నిలిచినవా? నిలుచుటకు ముందు ఎవరైన అసాధారణముగ కొనిరా, అమ్మిరా? తెరచిన పిమ్మట ధర ఎటు నడచెను? కారణమును, తెరచు వేళను సకాలమున చెప్పిరా? వీనికి సమాధానములు వచ్చువరకు దొంగ యని గాని, దొర యని గాని ఎవరిని అనకుడు.

మీ యింటి యువకులకు రెండు మాటలు చెప్పుడు. యంత్రము నిలిచిన వేళను, తమ బేరపు సంఖ్యను, దళారి పంపిన సమాచారమును వెంటనే వ్రాసియుంచుకొనవలెను. అన్యాయము జరిగినదని తోచినచో మొదట దళారికి వ్రాతమూలకముగ తెలిపి, న్యాయము కలుగనిచో సెబీవారి స్కోర్స్ అను ఫిర్యాదు విభాగమునకు వ్రాయవలెను. రచ్చబండ మీద తిట్టిన తిట్టునకు విచారణ లేదు, కాగితము మీద వ్రాసిన ఫిర్యాదునకు కలదు. అన్నిటికంటె ముఖ్యమైనది, అప్పు తెచ్చిన సొమ్మును సాయంకాలము లోపల ముగియవలసిన బేరమునందు పెట్టరాదు. బజారు తలుపు మన చేతిలో లేదు. అది మూసికొన్న నాడు బయట పడలేనివాడు లోపలికి పోకుండుటయే మేలు.

ఆ వృద్ధ రైతునకు నా సమాధానమిది. "పెద్దయ్యా, చికాగోలో కుట్ర జరిగినదనుటకు ఆధారము నాకు కనబడలేదు. అజాగ్రత్త మాత్రము కనబడినది. మీ మనుమడు అనుమానపడుట తప్పు కాదు, విచారింపక నమ్ముటయే తప్పు."