బహురూప సంబంధాలు: గ్రంథాలయ సూచిక నేర్పిన పాఠం

మన కళాశాల గ్రంథాలయంలో ఉర్దూ గ్రంథాలు, తెలుగు గ్రంథాలు పక్కపక్క బీరువాలలో ఉన్నవి. వానితోబాటు ముషాయిరాల ధ్వనిముద్రికలు, పాత వార్షిక సంచికలలోని వ్యాసాలు కూడా ఉన్నవి. వీటన్నిటికీ కంప్యూటరుపై ఒక విషయసూచిక తయారుచేయవలెనని మేము కొందరు విద్యార్థులం పూనుకొన్నాము. మాలో సగంమందికి ఉర్దూ లిపి రాదు. అందుచేత గ్రంథపాలకులే ఒక్కొక్క పుస్తకం తెరచి, చదివి, దాని విషయాలను నిర్ణయించినారు. ఆ శ్రమను భద్రపరచుటలో మాకెదురైన చిక్కులను చదువరులకు విన్నవించుటే ఈ వ్యాసం ఉద్దేశ్యం.

సమాచారాన్ని పట్టికలుగా అమర్చి, పట్టికల మధ్య సంబంధాలను గణితశాస్త్ర పద్ధతిలో నిర్వచించవచ్చునని 1970లో ఐ.బి.ఎం. సంస్థకు చెందిన ఎడ్గర్ కాడ్ ప్రతిపాదించినాడు. నేటికీ అధికభాగం డేటాబేసులు ఆ పునాదిపైననే నిలిచి ఉన్నవి. దాశరథి రచించిన 'గాలిబ్ గీతాలు' గ్రంథాన్నే తీసుకొందము. అది 'గజల్' అను విషయం క్రిందికీ వచ్చును, 'అనువాదం' క్రిందికీ వచ్చును. అట్లే 'గజల్' క్రింద అనేక గ్రంథాలు చేరును. దీనినే 'అనేక–అనేక సంబంధం' అందురు. దీనికి గ్రంథాల పట్టిక, విషయాల పట్టిక చాలవు. ఏ గ్రంథానికి ఏ విషయమో తెలుపుటకు సంధాన పట్టిక యొకటి మూడవదిగా కావలెను.

ఇంతవరకు సులభమే. కాని ధ్వనిముద్రికలకూ, వ్యాసాలకూ కూడ అవే విషయాలు వర్తించును గదా! ఒక్కొక్క రకానికి ఒక్కొక్క సంధాన పట్టిక పెట్టినచో, రేపు ఛాయాచిత్రాలు చేరినప్పుడు మరొకటి, పటాలు చేరినప్పుడు ఇంకొకటి కావలసివచ్చును. అందుచేత మేము ఒకే సంధాన పట్టిక పెట్టి, అందులో మూడు గడులు ఏర్పరచినాము: విషయసంఖ్య, వస్తుసంఖ్య, వస్తువు రకం. రకం ఎందుకు? గ్రంథాలలోనూ 7వ సంఖ్య ఉన్నది, ధ్వనిముద్రికలలోనూ 7వ సంఖ్య ఉన్నది. రకం చెప్పక సంఖ్య మాత్రమే చెప్పుట వీధి పేరు లేని ఇంటి నంబరు వంటిది. ఒకే పట్టిక పలు రూపాల వస్తువులను పట్టి ఉంచుచున్నది కనుక దీనికి 'బహురూప సంబంధం' అని పేరు.

ప్రోగ్రాము వస్తువుల భాష మాట్లాడును. డేటాబేసు పట్టికల భాష మాట్లాడును. ఈ రెంటికీ నడుమ దుబాసి వంటిది ఆబ్జెక్ట్ రిలేషనల్ మ్యాపర్. జావాలో హైబర్నేట్, రూబీలో యాక్టివ్ రికార్డ్, పి.హెచ్.పి. భాషలోని లారావెల్‌లో ఎలోక్వెంట్ ఇట్టివి. మేము ఎలోక్వెంట్‌ను వాడినాము. గ్రంథం క్లాసులో 'మార్ఫ్‌టుమెనీ' అనియు, విషయం క్లాసులో ఒక్కొక్క రకానికి 'మార్ఫ్‌డ్‌బైమెనీ' అనియు వ్రాసినచో చాలును. 'గజల్' క్రింది గ్రంథాలను అడిగినప్పుడు, రకం గడిలో గ్రంథమని ఉన్న వరుసలను మాత్రమే ఏరునట్టి ప్రశ్నను మ్యాపరే కూర్చుకొనును.

కాని దుబాసిని పూర్తిగా నమ్మి కూర్చొనరాదని మాకు త్వరలోనే తెలిసివచ్చినది. రెండుమార్లు నమోదైన ఒక ధ్వనిముద్రికను తొలగించినాము. సంధాన పట్టికలోని దాని వరుసలు మాత్రం అట్లే మిగిలిపోయినవి. మా లెక్క ఆ వరుసలనే లెక్కించుటచే, సూచికలో కనబడు వస్తువులకూ మొత్తానికీ పొంతన కుదరలేదు. సాధారణ సంధాన పట్టికలో 'ఫారిన్ కీ' అను కావలి ఉండును. అది తొలగింపును అడ్డుకొనును, లేదా మనము కోరినచో అనుబంధ వరుసలను కూడ తొలగించును. అయితే అది ఒక గడిని ఒక పట్టికకే కట్టగలదు. రకాన్నిబట్టి దారి మార్చుకొనలేదు. కనుక ఇచ్చట కావలి బాధ్యత ప్రోగ్రాము వ్రాసినవారిదే.

రెండవ చిక్కు మమ్ము మరింత కలవరపెట్టినది. ఒకనాడు గ్రంథం క్లాసు పేరు మార్చినాము. మరుక్షణం గ్రంథాల విషయాలన్నీ అదృశ్యమైనవి. ఏ దోషసూచనయు రాలేదు. గ్రంథపాలకుల శ్రమ అంతయు మంటగలిసినదని భయపడినాము. వాస్తవానికి ఒక్క వరుసయు పోలేదు. మేము వేరుగా చెప్పనందున, ఎలోక్వెంట్ రకం గడిలో క్లాసు పూర్తి పేరునే వ్రాయుచు వచ్చినది. పాత వరుసలలో పాత పేరు ఉన్నది. ప్రశ్న కొత్త పేరుతో వెదకుచున్నది. అప్పుడు 'మార్ఫ్ మ్యాప్' ద్వారా ఒక్కొక్క రకానికి మారని చిన్న పేరును నిర్ణయించి, పాత వరుసలను దానికి అనుగుణంగా సవరించినాము. పోయినవనుకొన్న విషయాలు తిరిగి కనబడినవి.

కావున రకాలు కొద్దిపాటివై, ఖచ్చితత్వం ప్రాణప్రదమైన చోట, రుసుముల లెక్కల వంటి వానికి, వేర్వేరు సంధాన పట్టికలే మేలు. రకాలు పెరుగుచుండు చోట బహురూప సంబంధం సౌకర్యం. అయితే దానిని ఎన్నుకొన్నవారు రకాలకు స్థిరమైన పేర్లు పెట్టవలెను. వస్తువుతోబాటు దాని అనుబంధ వరుసలను తొలగించవలెను. ఒకే జోడింపు రెండుమార్లు పడకుండ మూడు గడులకూ కలిపి ఏకైక సూచీ ఏర్పరచవలెను.

ఇప్పుడు 'గజల్' అని అడిగిన విద్యార్థికి ఉర్దూ దీవానూ, తెలుగు అనువాదమూ, ముషాయిరా ధ్వనిముద్రికా ఒకే జాబితాలో లభించుచున్నవి. ఆ జాబితా వెనుక ఒకరు ఓపికతో చదివిన పుస్తకాలున్నవని మేము మరువలేదు. పట్టిక ఎంత చిన్నదైనను, అది ఒకరి శ్రమకు మనము వహించు పూచీ.