విమానాలు రాని విమానాశ్రయం

విమానం ఎక్కడానికి కారులో వెళ్ళేవాళ్ళు చాలామంది వుంటారు. విమానమే లేని విమానాశ్రయం చూడడానికి నాలుగు గంటలు కారులో కూర్చున్నవాణ్ణి మా మేడ్చల్‌లో నేనొక్కణ్ణే అనుకుంటాను.

నాది తూకాల పని. కర్మాగారాల్లో లారీలను తూచే కాటాలు సరిగా వున్నవో లేవో పరీక్షించి, తేడా వుంటే సరిచేసి రావాలి. మొన్న రామగుండం దిక్కున రెండుచోట్ల పని పడింది. ఆ మాట వినగానే మా ఆఫీసులో ఒక పెద్దాయన, "బసంత్‌నగర్ ఏరోడ్రోం చూసి రావయ్యా. ఒకప్పుడు అక్కడ విమానం దిగేదంటే ఇప్పటి పిల్లలు నమ్మరు" అన్నాడు.

కారు నడిపే అతనిది పెద్దపల్లి దగ్గర పల్లె. ఏరోడ్రోం పేరెత్తగానే నవ్వాడు. "నాకు తెల్వకపోతే ఇంకెవరికి తెలుస్తది సార్? గడ్నే ఆడుకొని పెరిగినం" అన్నాడు.

తలమీద బడి

తెల్లవారుజామున బయలుదేరాము. నాగపూర్ రోడ్డు మీద వున్న మేడ్చల్ నుంచి, కరీంనగర్ రోడ్డు మీద వున్న శామీర్‌పేటకు అడ్డంగా వెళ్ళాలి. ఈ రెండు ఊళ్ళ వాళ్ళకూ విమానాల చప్పుడు కొత్త కాదు. మేడ్చల్‌కు నైరుతిన దుండిగల్‌లో వైమానిక దళం అకాడమీ వుంది. 1967లో రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ గారు దానికి శంకుస్థాపన చేశారు. శామీర్‌పేటకు ఇవతల, సికింద్రాబాదు నుంచి వచ్చే దారిలో హకీంపేట వైమానిక స్థావరం. అక్కడా ఇక్కడా నేర్చుకునే పిల్లలే. వాళ్ళు పాఠం చదివేది మా తలల మీద.

2016 జూన్ 18న మన దేశపు మొదటి మహిళా యుద్ధవిమాన చోదకులు అవనీ చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ పట్టాలు పుచ్చుకున్నది దుండిగల్‌లోనే. ఆనాడు మా వీధిలో ఆడపిల్లలున్న తండ్రులందరూ ఒకసారి తలెత్తి ఆకాశం చూసుకున్నారు.

ఇన్ని విమానాలు తలమీద తిరుగుతున్నా మాకు ఒక్కదానిలోనూ సీటు లేదు. బేగంపేట నుంచి విమానాలు ఎగిరినన్నాళ్ళూ అది మాకు దగ్గరే. 2008 మార్చి 23న శంషాబాదు విమానాశ్రయం తెరవగానే బేగంపేటలో ప్రయాణికుల విమానాలు ఆగిపోయాయి. శంషాబాదు నగరానికి దక్షిణాన, మేము ఉత్తరాన. 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు మీద దాదాపు సగం చుట్టు తిరిగితే గాని అక్కడికి చేరలేము.

నేలమీద దారి

శామీర్‌పేట పెద్దచెరువు మీద ఇంకా మంచు విడలేదు. జింకల పార్కు దాటి తుర్కపల్లి వచ్చేసరికి మందుల కంపెనీల బస్సులు ఎదురయ్యాయి. కరోనా రోజుల్లో దేశమంతా వేయించుకున్న కోవాగ్జిన్ టీకా ఈ జీనోమ్ వ్యాలీలో పుట్టినదే. ఒంటిమామిడి దగ్గర కూరగాయల బస్తాలతో ఆటోలు రోడ్డుకు అడ్డం పడ్డాయి. ప్రజ్ఞాపూర్, సిద్దిపేట దాటాము. ఎండ ఎక్కేసరికి ఎడమచేతి వైపు దిగువ మానేరు నీళ్ళు మెరిశాయి. కరీంనగర్, సుల్తానాబాదు, పెద్దపల్లి. రాజీవ్ రహదారి విశాలమైన దారి. సిద్దిపేటలో చాయ్‌కి ఆగినా నాలుగు గంటల్లో బసంత్‌నగర్ చేరాము.

దారిలో ఒక లెక్క వేశాను. మేడ్చల్ మనిషి రామగుండానికి విమానంలో పోవాలంటే ముందు శంషాబాదుకు, అంటే వ్యతిరేక దిక్కుకు, వెళ్ళాలి. అక్కడ గంటకు పైగా ముందుగా హాజరు కావాలి. తనిఖీ అయి, విమానం నేల విడిచే వేళకు కారులో వచ్చినవాడు కరీంనగర్ పొలిమేరలో వుంటాడు. విమానం దిగినవాడు మళ్ళీ కారో ఆటోనో వెతుక్కోవాలి. ఈ లెక్క తెలిశాక, అక్కడ చూసినదానికి ఆశ్చర్యం వేయలేదు.

గడ్డి మొలిచిన తారు

కాటాల పని మధ్యాహ్నానికి తెమిలింది. డ్రైవరు నన్ను ఏరోడ్రోముకు తీసుకువెళ్ళాడు. పొడుగాటి తారు బద్ద. దాని పగుళ్ళలో గడ్డి, అంచుల్లో తుమ్మ తుప్పలు. ఒక ముసలమ్మ మేకలను తోలుకుంటూ రన్‌వేకు అడ్డంగా నడిచిపోయింది. దూరంగా గుట్టలు.

సిమెంటు కర్మాగారం, కొంచెం ఎగువన సింగరేణి బొగ్గు గనులు, 1983 నుంచి కరెంటు ఇస్తున్న ఎన్.టి.పి.సి. కేంద్రం, ఎరువుల కర్మాగారం... ఇన్ని పరిశ్రమలున్న చోటికి ఇంజనీర్లూ అధికారులూ వస్తూ పోతూ వుంటారు గదా, విమానం వుంటే బాగుండునని ఆ రోజుల్లో అనుకోవడం సబబే. చిన్న ఊళ్ళను కలపడానికని 1981లో పుట్టిన వాయుదూత్ సంస్థ విమానాలు ఆ దశకంలో ఇక్కడ దిగాయి.

"చప్పుడు ఇనబడంగనే బడిల నుంచి ఉర్కెటోళ్ళం సార్" అన్నాడు డ్రైవరు. "సారు కొడతడని తెల్సు. అయినా ఉర్కెటోళ్ళం. దిగెటోళ్ళను జూస్తే దొరల లెక్క అనిపించేది. మా నాయన జీవితంల ఒక్కపారి గూడ ఎక్కలే."

ఆ వాక్యంలోనే రోగం పేరు వుందనిపించింది నాకు. వాయుదూత్ నడిపిన డార్నియర్ విమానంలో 19 సీట్లు. పెద్ద విమానానికైనా చిన్న విమానానికైనా ఇద్దరు పైలట్లు కావాలి. దిగేచోట అగ్నిమాపక బండి కావాలి, వాతావరణం చెప్పే మనిషి కావాలి, కాపలా కావాలి. ఆ ఖర్చంతా 19 సీట్ల మీద పడుతుంది. నేల నుంచి పైకి లేవడానికే విమానం ఎక్కువ ఇంధనం తాగుతుంది. దగ్గరి ఊరికైతే పైకెక్కిన కాసేపటికే దిగాలి గనుక, దూరప్రయాణంలో కలిసివచ్చే లాభం ఇక్కడ రాదు. పైగా రామగుండం కాజీపేట–బల్లార్షా రైలు మార్గం మీద వుంది. సికింద్రాబాదుకైనా ఢిల్లీకైనా రైలుంది. సీట్లు నిండలేదు, నష్టాలు నిండాయి. 1990వ దశకంలో వాయుదూత్ మూతపడింది. రోడ్డు వెడల్పయింది. గడ్డి మొలిచింది.

రెండెకరాల ప్రశ్న

కథ ఇంతటితో అయిపోతే నేను రాయకపోదును. ఇప్పుడు మళ్ళీ విమానాశ్రయం మాట లేచింది. పాత స్థలానికి గుట్టలు అడ్డమని, దగ్గరలోని అంతర్గాం వైపు కొత్త స్థలం ప్రతిపాదనలోకి వచ్చింది. మా డ్రైవరుకు అటువైపే రెండెకరాలుంది.

"మీరు చదువుకున్నోళ్ళు. చెప్పుండ్రి సార్. వస్తదా, రాదా?"

నేను తెలిసినంత చెప్పాను. శంషాబాదు విమానాశ్రయానికి 2004లో ఒప్పందం రాసుకున్నప్పుడు 150 కిలోమీటర్లలోపు 25 ఏళ్ళపాటు మరొకటి రాకూడదన్న షరతు పెట్టారు. వరంగల్ ఆ గీత లోపల వుండడం వల్ల, నిజాం కాలపు మామునూరు ఏరోడ్రోం చాలాకాలం ఆగిపోయింది. చివరికి 2025 ఫిబ్రవరిలో కేంద్రం అనుమతి ఇచ్చింది. అక్కడ పాత స్థలం వున్నా ఇంకా 253 ఎకరాలు కావలసివచ్చింది. రామగుండం ఆ గీతకు బయటే వుంది కాబట్టి ఆ అడ్డంకి లేదు.

"వస్తే నిలుస్తదా?" అన్నాడతను.

ఇది అసలు ప్రశ్న. కడపను చూడండి. 2017 ఏప్రిల్ 27న ఉడాన్ పథకం మొదలైన రోజునే కడప నుంచి హైదరాబాదుకు విమానం ఎగిరింది. గంట ప్రయాణానికి సగం సీట్లకు టిక్కెట్టు 2,500 రూపాయలు మించకుండా, తక్కువపడిన సొమ్ము ప్రభుత్వం భరించే ఏర్పాటది. ఆ సాయం కొన్నేళ్ళే. తరువాత ఊరు తన కాళ్ళమీద తాను నిలబడి సీట్లు నింపాలి. మొదటి విమానానికి బాజాలు మోగించేవాళ్ళు వుంటారు. పదో ఏట, వానాకాలంలో, మంగళవారంనాడు ఎక్కేదెవరు? ఢిల్లీకో బొంబాయికో పోవలసిన ఇంజనీర్లూ, దుబాయికి పోయే మన కరీంనగర్ పిల్లలూ ఇక్కడి నుంచే ఎక్కేట్టుంటే నిలుస్తుంది. హైదరాబాదు దాకా మాత్రమే అయితే ఈ రోడ్డే దాన్ని మింగుతుంది.

అతను చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఇయ్యనంటలేను సార్. మా నాయన గూడ కర్మాగారం పనికి ఒక చెలక ఇచ్చిండు. నాకు గడ్డి మొలిచే రోడ్డుకు మాత్రం ఇయ్యబుద్ధి గాదు" అన్నాడు.

నా దగ్గర యాభై టన్నుల లారీని తూచే సాధనం వుంది. రెండెకరాలను తూచేది లేదు. ఆ మాట అతనితో అన్నాను. నవ్వలేదు.

తిరుగుప్రయాణంలో ఒంటిమామిడి దగ్గర కారు ఆపి ఇంటికి టమాటాలు, బీరకాయలు కొన్నాడు. అమ్మే ఆమెతో రెండు రూపాయల కోసం గట్టిగా బేరమాడాడు. శామీర్‌పేట వచ్చేసరికి చీకటిపడింది. చెరువు మీదుగా హకీంపేట వైపు ఒక దీపం నెమ్మదిగా దిగుతున్నది. అతను కారు వేగం తగ్గించి అద్దంలోంచి చూశాడు.

"మా బిడ్డ పదో తరగతి సార్. విమానం ఎక్కుతనని అంటలేదు. నడుపుతనంటది."

"ఏమన్నావు?"

"లెక్కల్ల మంచిగ మార్కులు తెచ్చుకోమన్న" అన్నాడు, మేడ్చల్ దారికి కారు తిప్పుతూ.