రొమ్ము క్యాన్సర్ చికిత్సయు దంతరక్షణయు

రొమ్మున పుట్టిన వ్యాధికి పండ్లతో సంబంధమేమని గ్రామములలో అనేకులు అడుగుదురు. సంబంధము కలదు. చికిత్స మొదలైన స్త్రీ నోటిపూత వలన గంజియైన మ్రింగలేక, రెండవమారు మందు ఎక్కించుకొనుటకు వెనుదీయవచ్చును. చికిత్స ముగిసిన కొన్ని యేండ్లకు పన్ను పీకించుకొనగా, గాయము మానక దవడయెముక బయటపడవచ్చును. ఈ రెండును చాలవరకు నివారింపదగినవే. కావుననే ఈ విషయమును పంచాయతీ సభ్యుల దృష్టికి తెచ్చుచున్నాము.

నోరు పూయుటకు కారణము

క్యాన్సర్ కణములు త్వరత్వరగా పెరుగును. నరముద్వారా ఎక్కించు మందులు అట్లు పెరుగు కణములను దెబ్బతీయును. నోటిలోపలి పొర కూడ నిత్యము క్రొత్తగా పుట్టుచుండునదే గనుక ఆ దెబ్బ దానికిని తగులును. మందు ఎక్కించిన వారము, పది దినములకు నోరు పూయును, లాలాజలము తగ్గును, రుచి మారును. రోగములతో పోరాడు తెల్లకణములు రక్తమున తగ్గునదియు ఆ దినములలోనే. అప్పుడు పుచ్చిపంటిలోని సూక్ష్మజీవులు రక్తమున ప్రవేశించినచో ప్రాణాపాయము కలుగవచ్చును.

ముందు జాగ్రత్త

మందు మొదలిడుటకు, వీలైనచో, రెండు వారములు ముందే దంతవైద్యునకు నోరు చూపవలెను. పుచ్చిపండ్లను పూడ్పించుటయో, తీయించుటయో అప్పుడే జరిగినచో గాయము మానుటకు వ్యవధి యుండును. అయితే ఈ కారణమున క్యాన్సర్ చికిత్సను తమంతట తాము వాయిదా వేసికొనరాదు.

చికిత్స సాగు దినములలో

మెత్తని బ్రష్షుతో పూటకొకమారు పండ్లు తోముకొనవలెను. వేపపుల్ల, బొగ్గుపొడి, ఇటుకపొడి ఆ దినములలో చిగుళ్లను గాయపరచును. కాచి చల్లార్చిన గ్లాసెడు నీటిలో పావు చెమ్చా వంటసోడా, అందులో సగము ఉప్పు కలిపి, దినమునకు పలుమార్లు పుక్కిలించి ఉమియవలెను. ఊరగాయలు, మిరపకారము, చింతపులుసు మాని, చల్లార్చిన చోడి అంబలి, మెత్తని పప్పన్నము, ఉడికించిన గ్రుడ్డు తినవలెను. జ్వరము 100.4 డిగ్రీలకు చేరినచో తెల్లవారువరకు ఆగక ఆసుపత్రికి చేర్చవలెను. క్యాన్సర్ వైద్యునకు తెలుపక పన్ను తీయించుకొనుట ఎంతమాత్రము తగదు.

అడ్డపొగ

మన ప్రాంతమున మరియొక చిక్కు కలదు. నిప్పు నోటిలోపల నుంచి చుట్ట కాల్చు అలవాటు స్త్రీలలో అధికము. శ్రీకాకుళము జిల్లాలో 10,169 మంది గ్రామస్థులను పరీక్షించి 1971లో ప్రకటించిన పరిశోధనలో, నూటికి 43.8 మంది అడ్డపొగ త్రాగువారని తేలినది. ఈ అలవాటు అంగిలికి క్యాన్సర్ తెచ్చునని రుజువైనది. పూసిన నోటికి ఈ వేడియు, పొగయు పుండుపై కారము వంటివి. చికిత్స పొందు స్త్రీ చుట్టను పూర్తిగా మానవలెను.

చికిత్స పిదప

పెక్కుమందికి 5 సంవత్సరములు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు, హార్మోను సంబంధమైన మాత్రలు ఇత్తురు. వానిలో లెట్రోజోల్ వంటివి ఎముకలను పలుచన చేయును. అందుచే కొందరికి ఎముకల బలమునకై జోలెడ్రోనిక్ ఆమ్లము అను ఇంజెక్షను ఇత్తురు. ఇది ఎముకలలో ఏండ్లతరబడి నిలుచును. ఈ మందు పొందినవారు పన్ను పీకించుకొన్నచో దవడ మానకపోవు ప్రమాదము కలదు. కావున ఇంజెక్షనునకు ముందే నోరు బాగుచేయించుకొనవలెను. పిమ్మట ఏ దంతవైద్యుని వద్దకు వెళ్లినను చికిత్స చీటి చూపవలెను.

ఉద్దానమువారు మరింత జాగ్రత్త వహింపవలెను. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు మున్నగు మండలములలో మూత్రపిండవ్యాధి విస్తారముగా నున్నది. పై ఇంజెక్షను మూత్రపిండములపై భారము మోపును గనుక ముందు రక్తపరీక్ష అవసరము. పంటినొప్పికని అంగడిలో కొను నొప్పిమాత్రలును మూత్రపిండములకు హానికరములే.

సభ్యులు చేయదగినది

విశాఖపట్టణము చెంత అగనంపూడిలో టాటా స్మారక కేంద్రమువారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి కలదు. ఇచ్ఛాపురమునుండి అచ్చటికి 200 కిలోమీటర్లకు పైబడిన దూరము. అంత దూరము పోయివచ్చు స్త్రీ పంటినొప్పిని పెద్ద వైద్యునకు చెప్ప సంకోచించును. 2007లో ఆరోగ్యశ్రీగా ఆరంభమై, ఇప్పుడు ఎన్.టి.ఆర్. వైద్యసేవ పేర నడచుచున్న పథకమున క్యాన్సర్ చికిత్సకు అర్హులైన కుటుంబములకు సాయము లభించును. గ్రామమున ఈ చికిత్స పొందు స్త్రీలు ఎవరైన నున్నచో, ఆశా కార్యకర్తతో మాటలాడి, చికిత్సకు ముందే వారిని దంతవైద్యునివద్దకు పంపు ఏర్పాటు చేయవలెను. వ్యాధి సంగతి పదుగురిలో చర్చింపక, ఆమె గౌరవమునకు భంగము రాకుండ చూడవలెను. నోరు బాగున్నచో ఆహారము సాగును. ఆహారము సాగిన చికిత్సయు సాగును. ఒక తల్లి చికిత్స నడుమ ఆగిపోకుండ చూచుట వీధిదీపము వేయించుటకంటె చిన్నపని కాదని మనవి చేయుచున్నాము.