నెలసరి బట్టకు చన్నీళ్లే ఎందుకు?

ముందు ఒక చిన్న ప్రయోగం చేసి చూడండి. ఇంట్లో కోడిగుడ్డు పగలగొట్టినప్పుడు కొంచెం తెల్లసొన అడిగి తీసుకోండి. రెండు పాత నూలు పేలికలకు ఆ సొన పూయండి. ఒకదాన్ని చన్నీళ్ల గిన్నెలో వేయండి. రెండోదాన్ని పెద్దవాళ్ల సాయంతో మరుగుతున్న నీళ్లలో వేయండి. అయిదు నిమిషాలు ఆగి, రెండింటినీ చన్నీళ్లలో నలపండి. మొదటి పేలిక మీది సొన చాలావరకు జారి నీళ్లలో కలిసిపోతుంది. రెండోదాని మీద సొన తెల్లగా గడ్డకట్టి, దారాల సందుల్లో బిగుసుకుని ఉంటుంది. గోటితో గీకినా ఒక పట్టాన రాదు.

తెల్లసొనలో ఉన్నవి నీళ్లు, ప్రొటీన్లు. ప్రొటీను అణువు ఒక పొడవాటి గొలుసు. అది ఉండ చుట్టిన దారంలా మడతలు పడి ఉంటుంది. మడతలు సరిగా ఉన్నంతసేపు నీళ్లలో హాయిగా కరుగుతుంది. వేడి తగిలితే మడతలు విడిపోతాయి. విడిపోయిన గొలుసులు ఒకదానికొకటి చిక్కుపడి ముద్ద కడతాయి. చల్లార్చినంత మాత్రాన ఆ చిక్కు విడదు. ఉడికిన గుడ్డు మళ్లీ పచ్చిగుడ్డు కాలేదు కదా!

నెత్తురులోనూ ప్రొటీన్లే దండిగా ఉన్నాయి. ఎర్రరంగునిచ్చే హిమోగ్లోబిన్ ప్రొటీనే. నెత్తురు మరక పడ్డ బట్టను వేడినీళ్లలో వేస్తే మరక ఉతకబడదు, ఉడుకుతుంది. చన్నీళ్లలో వేస్తే కరుగుతుంది. శీర్షికలోని ప్రశ్నకు జవాబు ఇదే.

ఈ ప్రశ్న ఎవరికి కావాలి అంటారా? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 24 ఏళ్ల అమ్మాయిల్లో దాదాపు సగం మంది నెలసరి రోజుల్లో బట్ట వాడుతున్నారు. కొందరు ప్యాడ్లూ బట్టా రెండూ వాడతారు. ఈమధ్య ఉతికి మళ్లీ వాడుకునే నెలసరి లోదుస్తులు, అంటే పీరియడ్ ప్యాంటీలు కూడా బజారులోకి వచ్చాయి. అబ్బాయిలు ఇక్కడ పేజీ తిప్పేయనక్కరలేదు. గుడ్డు, సబ్బు, ఎండ మీ పాఠాల్లో ఉన్నవే. దండెం మీ ఇంట్లో ఉన్నదే.

నెలసరిలో పోయేది ‘చెడు రక్తం’ అని మీరు విని ఉంటారు. అది నిజం కాదు. బిడ్డ పెరగడానికి గర్భాశయం లోపల సిద్ధమైన మెత్తటి పొర, ఆ నెల అవసరం లేక ఊడి బయటికి వస్తుంది. అందులో సుమారు సగమే నెత్తురు, మిగతాది ఆ పొర తునకలూ జిగురు ద్రవాలూ. ఒక నెలసరిలో పోయే నెత్తురు సాధారణంగా 30, 40 మిల్లీలీటర్లు, అంటే రెండు మూడు పెద్ద చెంచాలు. 80 మిల్లీలీటర్లు దాటుతోందనిపిస్తే, అంటే గంటగంటకూ బట్ట మార్చవలసి వస్తుంటే, డాక్టరుకు చూపించాలి. వాసన సంగతి కూడా చెప్పుకోవాలి. అప్పుడే బయటికి వచ్చిన నెత్తురుకు పెద్దగా వాసన ఉండదు. గాలి తగిలిన తరవాత బాక్టీరియా దాన్ని తిని పెరుగుతూ వాసన పుట్టిస్తాయి. అందుచేత విప్పిన బట్టను వీలైనంత త్వరగా చన్నీళ్లలో వేయాలి. అరగంట నానితే చాలు. రాత్రంతా బకెట్లో వదిలేస్తే బాక్టీరియాకు విందు పెట్టినట్టే. ఆలస్యమైన మరక గోధుమరంగుకు తిరగడం చూసి ఉంటారు. హిమోగ్లోబిన్‌లోని ఇనుము ఆక్సీకరణం చెందడమే దానికి కారణం.

ఇక నీళ్ల సంగతికి వద్దాం. సూర్యాపేట నుంచి జనగామ పోయే దారిలో తిరుమలగిరి ఉంది. 2016 అక్టోబరు దాకా అది నల్లగొండ జిల్లాలోది, ఇప్పుడు సూర్యాపేట జిల్లాలోది. నల్లగొండ నీళ్లు అనగానే అందరికీ ఫ్లోరైడు గుర్తుకొస్తుంది. ఎముకలనూ పళ్లనూ పాడుచేసే ఆ ఫ్లోరైడు బట్టలుతకడానికి మాత్రం అడ్డు రాదు. అడ్డు వచ్చేవి కాల్షియం, మెగ్నీషియం. ఈ ప్రాంతమంతా నేల కింద ఉన్నవి గ్రానైటు, నైస్ రాళ్లు. వాటి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచిన నీటిలో లవణాలు కరిగి చేరతాయి. ఆ నీళ్లే బోరులోంచి పైకి వస్తాయి. చాలా బోర్ల నీళ్లలో సబ్బు ఎంత రుద్దినా నురగ రాదు. నురగకు బదులు బకెట్టు అంచున తెల్లటి తెట్టు కడుతుంది. మీ పాఠంలో ‘కఠినజలం’ అని చదువుకున్నది దీని గురించే.

సబ్బు కొవ్వు ఆమ్లాల సోడియం లవణం. కఠినజలంలోని కాల్షియం సోడియాన్ని తోసేసి ఆ చోట కూర్చుంటుంది. అలా తయారైన కాల్షియం సబ్బు నీళ్లలో కరగదు. అదే ఆ తెట్టు. అది బకెట్టు అంచుకే కాదు, బట్ట దారాలకూ అంటుతుంది. మామూలు చొక్కాకైతే కాస్త మాసినట్టు కనిపిస్తుంది, అంతే. తడి పీల్చవలసిన నెలసరి బట్టకు మాత్రం ఇది పెద్ద చిక్కు. తెట్టు మైనపు పూతలా నీటిని నెట్టేస్తుంది. అప్పుడు బట్ట పీల్చక, తడి పక్కలకు కారుతుంది. బడిలో లంగా మీద మరక పడితే అమ్మాయి తననే తిట్టుకుంటుంది. తప్పు బోరు నీళ్లది కావచ్చు!

పరీక్ష చాలా సులువు. ఉతికి ఆరిన బట్ట మీద ఒక నీటి బొట్టు వేయండి. వెంటనే ఇంకితే బట్ట బాగున్నట్టు. తామరాకు మీద బొట్టులా నిలిచిందా, పూత పట్టినట్టే. ఇలాంటి బట్టను వాననీళ్లలోగాని, మిషన్ భగీరథ కుళాయి నీళ్లలోగాని డిటర్జెంటు వేసి ఉతికి, బాగా జాడించాలి. నది నీళ్లు సాధారణంగా బోరు నీళ్లకన్నా మెత్తనివి. డిటర్జెంటు పొడి సబ్బులాగా కాల్షియంతో తెట్టు కట్టదు. బట్టలు మెత్తబడటానికి అమ్మే ద్రవాలను దీనికి వాడకండి. అవీ దారాలకు జిడ్డుపూత పూసేవే.

బోరు నీళ్లు తప్ప వేరే గతి లేకపోతే? బకెట్టు నీళ్లలో అర చెంచా చాకలి సోడా వేసి కలిపి కాసేపు ఆగండి. కాల్షియం సున్నంలా అడుక్కు దిగుతుంది. పైన తేరిన నీళ్లు వంచుకుని వాడుకోండి. కుంకుడుకాయ రసం కూడా పనికివస్తుంది. అందులో నురగ ఇచ్చేవి సపోనిన్లు, వాటికి కాల్షియంతో తగాదా లేదు.

ఒకప్పుడు మన ఊళ్లలో ముట్టుబట్టలు, పురిటిబట్టలు ఉతికే పని చాకలి ఆడవాళ్ల మీద పెట్టేవారు. ఆ పనికి సమాజం ఇచ్చిన గౌరవం బహు తక్కువ. అందులోని రసాయనశాస్త్రం మాత్రం తక్కువది కాదు. వారు వాడిన చవుడు మట్టిలో ఉన్నది సోడాయే. చవుడు పట్టించిన బట్టలను బాన మీద ఆవిరికి పెట్టేవారు. వేడి వద్దన్నారు కదా అని మీరు అడగవచ్చు. మరక పోకముందు వద్దు. మరక పూర్తిగా వదిలాక నూలు బట్టను మరిగించినా నష్టం లేదు, క్రిములు చస్తాయి.

ఇంకో దారి కూడా ఉంది. 1913లో జర్మనీకి చెందిన ఓట్టో రోమ్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు జంతువుల క్లోమగ్రంథి నుంచి తీసిన ఎంజైములను ఉతుకుడు పొడిలో కలిపాడు. మన కడుపులో మాంసకృత్తులు జీర్ణమయ్యేటట్లే మరకలోని ప్రొటీను ముక్కలవుతుందని అతని ఆలోచన. ఈనాటి పొడులు చాలావాటిలో బాక్టీరియా నుంచి తీసిన ఎంజైములు ఉంటాయి. ఎంజైములూ ప్రొటీన్లే సుమా! మరిగే నీళ్లు పోస్తే అవీ ఉడికిపోతాయి. గోరువెచ్చదనం దాటకూడదు.

నెలసరి లోదుస్తుల విషయంలో వేడికి ఇంకా భయపడాలి. వాటిలో పొరలుంటాయి. ఒంటికి తగిలే పొర తడిని కిందికి లాగుతుంది. నడిమి పొర పట్టి ఉంచుతుంది. అడుగున పలుచని పాలియురిథేన్ పొర బట్టకు అతికించి ఉంటుంది. అది నీటిని బయటికి పోనివ్వదు. మరిగిస్తే, ఇస్త్రీ పెడితే, గట్టిగా మెలిపెట్టి పిండితే ఈ పొర ఊడిపోతుంది, లేదా చిట్లుతుంది. అరచేతుల మధ్య నొక్కి నీళ్లు తీయాలి. బ్లీచింగు పొడి కూడా పనికిరాదు. దాన్ని బాత్రూము కడిగే యాసిడ్‌తో ఎన్నడూ కలపకండి, విషవాయువైన క్లోరిన్ పుడుతుంది. ఉతికి వాడే ప్యాడ్లకూ ఈ లోదుస్తులకూ భారతీయ ప్రమాణాల సంస్థ 2021లో ఐ.ఎస్. 17514 అనే ప్రమాణాన్ని ప్రకటించింది. కొనేటప్పుడు అడగండి.

ఇంత జాగ్రత్తగా ఉతికిన బట్ట ఆరేది ఎక్కడ? అసలు కష్టం ఇక్కడే వచ్చింది. బాత్రూము మూల, పశువుల కొట్టం వెనక, చీర కింద, మంచం కింద. ఎవరైనా చూస్తారని భయం. సగం ఆరిన బట్ట బూజుకూ బాక్టీరియాకూ ఇల్లు. ఒడిశాలో ఆసుపత్రులకు వచ్చిన స్త్రీలను పరిశీలించి 2018లో ప్రకటించిన ఒక అధ్యయనం ఏం చెప్పిందో చూడండి. బట్టను ఇంటి లోపల ఆరబెట్టినవారిలోను, మరుగుదొడ్డి దగ్గర దాచినవారిలోను కాండిడా అనే శిలీంధ్రం వల్ల వచ్చే దురద జబ్బు ఎక్కువగా కనిపించింది. బట్ట వాడటంకన్నా బట్టను దాచడం గురించి మనం ఎక్కువ బెంగపడాలని నాకు తోస్తుంది.

ఎండ క్రిములను చంపుతుందని 1877లోనే ఇంగ్లండులో డౌన్స్, బ్లంట్ అనే ఇద్దరు ప్రయోగం చేసి చూపారు. ఎండలో ఉంచిన పోషకద్రావణంలో బాక్టీరియా పెరగలేదు, చీకట్లో ఉంచినదాంట్లో పెరిగాయి. ఎండలోని అతినీలలోహిత కిరణాలు బాక్టీరియా కణాలను దెబ్బతీస్తాయి. పైన చీర కప్పితే ఆ కిరణాలు చాలావరకు ఆగిపోతాయి, గాలీ ఆడదు. కిటికీ అద్దం కూడా వాటిలో చాలా భాగాన్ని ఆపేస్తుంది. కాబట్టి డాబా మీదో వాకిట్లోనో దండెం మీద, తడి పీల్చే వైపు సూర్యుడికి ఎదురుగా ఉండేటట్టు ఆరవేయాలి. లోదుస్తును లోపలివైపు బయటికి తిప్పాలి. తిరుమలగిరి ఎండాకాలంలో రెండు మూడు గంటలు చాలు. అంతకుమించి మండుటెండలో ఉంచితే ఎలాస్టిక్ పాడవుతుంది.

వానాకాలంలో మందపాటి బట్ట పైకి ఆరినట్టు కనిపించినా లోపల తడి మిగులుతుంది. మడతను బుగ్గకు ఆనించి చూడండి, చల్లగా తగిలితే ఇంకా ఆరలేదన్నమాట. అప్పుడు నూలు బట్టకైతే ఇస్త్రీ పెట్టవచ్చు. నెలసరి లోదుస్తునైతే ఫ్యాను గాలికి వేలాడదీసి, ఎండ రాగానే ఒక గంట బయట వేయండి. అందుకే వానాకాలానికి ఒకటి రెండు బట్టలు అదనంగా ఉంచుకోవాలి.