తెరమీది తెలుగు, లోపలి తెలుగు

అపోహ: తెరమీద ఎలా కనిపిస్తుందో కంప్యూటర్ లోపలా అలాగే ఉంటుంది.

వాస్తవం: ‘స్త్రీ’ మన కంటికి ఒకే అక్షరం. కంప్యూటర్‌కి మాత్రం స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అని ఆరు సంకేతాలు. లోపల తావత్తూ లేదు, క్రావడీ లేదు. వాటిని గీసేది ఫాంటు. అక్షరాలకు సంకేతాలు కేటాయించే ప్రమాణంగా 1991లో వచ్చిన యూనికోడ్ పెట్టుకున్న నియమమే అది: ఏ అక్షరమో దాచాలి, దాని ఆకారం ఫాంటుకి వదిలెయ్యాలి. అందుకే ఆ మాట ఏ ఫోన్‌లో వెతికినా దొరుకుతుంది, చూపులేనివారికి స్క్రీన్ రీడర్ చదివి వినిపిస్తుంది. దీనికి కొంత మూల్యమూ ఉంది. ఒక ఎస్సెమ్మెస్‌లో ఇంగ్లిష్‌కి 160 స్థానాలుంటే తెలుగుకి 70 మాత్రమే. వాటిలో ‘స్త్రీ’కే ఆరు పోతాయి.

అపోహ: తెలుగులో టైప్ చేసి సేవ్ చేస్తే తెలుగు భద్రంగా ఉన్నట్టే.

వాస్తవం: నాకు అన్నిటికన్నా బాధ కలిగించే అపోహ ఇదే. మన డీటీపీ సెంటర్లలో ఏళ్ల తరబడి నడిచిన అను ఫాంట్ల పద్ధతి వేరు. ఇంగ్లిష్ అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన సంకేతాల మీదే తలకట్లు, కొమ్ములు, ఒత్తుల బొమ్మలు పరిచారు. అచ్చు వెయ్యడమే లక్ష్యం, పేజీ అందంగా వచ్చేది. ఆ ఫైల్‌ని ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరవండి, పిచ్చి ఇంగ్లిష్ గీతలు కనిపిస్తాయి. పీడీఎఫ్ నుంచి ఒక పేరా కాపీ చేసినా అంతే. కళ్లముందు తెలుగు కథ ఉంటుంది, అందులో ఒక్క తెలుగు మాటా వెతికితే దొరకదు. కన్వర్టర్లున్నాయి, మార్చాక ప్రూఫ్ మళ్లీ మొదటి నుంచీ చదవాల్సిందే. అలాంటి ఫైళ్లున్న రచయితలు, ప్రచురణకర్తలు ఆ పని ఇప్పుడే మొదలుపెట్టాలి.

అపోహ: 2018లో ‘జ్ఞా’ వల్ల ఐఫోన్లు ఆగిపోయాయి, అంత చిక్కు లిపి మనది.

వాస్తవం: మామూలు ‘జ్ఞా’తో ఏమీ కాలేదు. మధ్యలో కంటికి కనిపించని ఒక సంకేతం చేరినప్పుడే తంటా వచ్చింది. బెంగాలీలోనూ అలాంటి కూర్పులు బయటపడ్డాయి. తప్పు అక్షరాలు పేర్చే యాపిల్ ప్రోగ్రామ్‌ది. ఆ ఫిబ్రవరిలోనే ఐఓఎస్ 11.2.6తో సరిదిద్దారు.

అపోహ: తెలుగు లిపి యూనికోడ్‌లో ఎప్పుడో పూర్తిగా చేరిపోయింది.

వాస్తవం: పాత పుస్తకాల్లో ‘న్’కి కనిపించే ప్రత్యేక రూపం నకారపొల్లుకి సొంత సంకేతం 2021లో గానీ రాలేదు. ఆ పుస్తకాలను ఉన్నదున్నట్టు ఎక్కించేవారు ఇప్పుడు దాన్ని వాడుకోవచ్చు. అయితే ఆ రూపం గీసి ఉన్న ఫాంటు చదివేవారి దగ్గర ఉండాలి. లేకపోతే అక్కడ ఖాళీ డబ్బా కనిపిస్తుంది.