పుట్టినరోజు కోత

సింగపూర్‌లో పని మారదు, జీతం మారదు. వయసు పెరిగితే మాత్రం ఉద్యోగికి దక్కే మొత్తం తగ్గుతుంది. ఎంత తగ్గాలో ప్రభుత్వమే పట్టిక వేసి మరీ చెబుతుంది.

‘సింగపూర్‌లో డెబ్బై ఏళ్లవాళ్లు కూడా పనిచేస్తుంటారట, వాళ్లకు ఎంతిస్తారో రాయండి’ అని ఎడిటర్ గారు పురమాయించారు. గడువు తక్కువ. హాకర్ సెంటర్లలో (తిండి దుకాణాల సముదాయాల్లో) బల్లలు తుడిచే ‘ఆంటీ’లు, ట్రేలు సర్దే ‘అంకుల్’లు, అపార్ట్‌మెంట్ గేటు దగ్గర కూర్చునే సెక్యూరిటీ పెద్దాయనలు: అక్కడికి వెళ్లొచ్చిన తెలుగువాళ్లంతా చెప్పే సంగతే ఇది. 65 దాటినవారిలో పదిమందికి సుమారు ముగ్గురు ఇంకా ఉద్యోగాల్లో ఉన్నారు. వాళ్ల ముడతల ముఖాలను ఫొటోలు తీసి పేజీలు నింపొచ్చు. కానీ ప్రభుత్వ పట్టికలంటే నాకో బలహీనత. ఈసారి చేతికి చిక్కిన పట్టిక ఆ ఫొటోలకంటే ఎక్కువ మాట్లాడింది.

పేజీ నిండని పట్టిక

అది సీపీఎఫ్, అంటే సెంట్రల్ ప్రావిడెంట్ ఫండ్ చందా రేట్ల పట్టిక. ఇల్లు కొనాలన్నా, ఆసుపత్రి బిల్లు కట్టాలన్నా, పెద్దతనంలో నెలనెలా డబ్బు రావాలన్నా సింగపూర్ పౌరులకూ, పర్మనెంట్ రెసిడెంట్లకూ ఈ నిధే ఆధారం. మన ఈపీఎఫ్‌లో ఉద్యోగి 12 శాతం, యజమాని 12 శాతం కడతారు. వయసు పెరిగిందని యజమాని వాటా తగ్గదు. అక్కడ తగ్గుతుంది. 55 ఏళ్ల వరకు యజమాని 17, ఉద్యోగి 20, వెరసి 37 శాతం. ఆపైన 55, 60, 65, 70 దాటిన ప్రతిసారీ ఓ మెట్టు కిందికి.

నెలకు 3,000 సింగపూర్ డాలర్ల జీతానికి 2026 జనవరి రేట్లతో లెక్క కట్టాను:

- 55 వరకు: యజమాని వాటా 510, ఉద్యోగి వాటా 600, చేతికొచ్చేది 2,400
- 55 దాటి 60 వరకు: 480, 540, 2,460
- 60 దాటి 65 వరకు: 375, 375, 2,625
- 65 దాటి 70 వరకు: 270, 225, 2,775
- 70 దాటితే: 225, 150, 2,850

చివరి అంకెలు చూడండి. వయసు పెరిగేకొద్దీ చేతికొచ్చేది పెరుగుతోంది. మనిషికి జీతం పెరిగినట్టే అనిపిస్తుంది. ఇప్పుడు మొదటి అంకెలు చూడండి. 54 ఏళ్ల ఉద్యోగికి యజమాని పెట్టే ఖర్చు మొత్తం 3,510 డాలర్లు. పక్క కుర్చీలో అదే పని చేసే 71 ఏళ్ల ఆయనకు 3,225. నెలకు 285, ఏడాదికి 3,420 డాలర్ల తేడా. చేతికి అదనంగా వచ్చిన డబ్బు ఆయన సొంత పొదుపులోంచి మిగిలింది. యజమాని ఇచ్చింది కాదు. నిధిలో పడే మొత్తమైతే 1,110 నుంచి 375కు జారింది. ఈ కోతకు పనితీరుతో సంబంధం లేదు. పుట్టినరోజు వచ్చిన నెల గడిచి, మరుసటి నెల ఒకటో తేదీ రాగానే కొత్త రేటు అమలవుతుంది.

సింగపూర్ ప్రభుత్వ వాదన సూటిగానే ఉంటుంది: పెద్దవాళ్లు యజమానికి చవకగా పడితేనే వాళ్ల ఉద్యోగాలు నిలుస్తాయి. వాదనలో పస లేదనను. అనుభవంతో పాటు జీతమూ ఏటేటా పెరిగే సంస్థల్లో, ఖర్చు తగ్గించుకోవాల్సి వస్తే ముందు కనిపించేది ఎక్కువ జీతం తీసుకునే పెద్దవాళ్లే. అయితే ఆ ఉద్యోగాన్ని కాపాడే ఖర్చు ఎవరి మీద పడాలి? ఈ పట్టిక దాన్ని ఉద్యోగి వృద్ధాప్యం మీదే వేసింది. నా అభ్యంతరం అక్కడే.

చరిత్ర, చకచకా

సీపీఎఫ్ బ్రిటిష్ హయాంలో 1955లో మొదలైంది. 1985 మాంద్యం తర్వాత కూలి ఖర్చులు తగ్గించే ఊపులో 1988లో పెద్ద వయసువాళ్ల రేట్లకు కోత పడింది. పదవీ విరమణ వయసు 1993లో చట్టప్రకారం 60 అయింది, 1999లో 62కు చేరింది. 60 నిండినవారి జీతాన్ని 10 శాతం దాకా తగ్గించుకునే వెసులుబాటు యజమానులకు ఉండేది; 2017 జూలై 1న అది రద్దయింది. ప్రభుత్వం, యజమానులు, కార్మిక సంఘాలు కలిసి కూర్చున్న బృందం 2019లో సీపీఎఫ్ రేట్లు తిరిగి పెంచమని సిఫారసు చేసింది. 2022 నుంచి పెంపు మొదలైంది.

ఆ సిఫారసులోనూ ఓ మెలిక ఉంది. 55–60 వారికి చివరికి 37 శాతం పూర్తిగా దక్కాలన్నది లక్ష్యం. 60–65 వారికి లక్ష్యం 26 శాతమే. 65–70 వారికి 16.5 శాతమే. 70 దాటినవారి 12.5 శాతాన్ని కదపనే లేదు. పైగా పెరిగిన యజమాని వాటాలో సగాన్ని కొంతకాలం ప్రభుత్వమే భరిస్తోంది.

బాక్స్: మళ్లీ ఒప్పందం

2022 నుంచి విరమణ వయసు 63. ఆరోగ్యం, పనితీరు బాగుంటే 68 వరకు మళ్లీ ఉద్యోగం ఇవ్వజూపడం యజమాని బాధ్యత. 2026 జూలై 1 నుంచి ఇవి 64, 69. 2030 నాటికి 65, 70 చేయాలన్నది సంకల్పం. కొత్త ఒప్పందంలో పని మారొచ్చు, జీతమూ మారొచ్చు. పాత జీతమే ఇవ్వాలన్న నియమం లేదు. తగిన ఉద్యోగం చూపలేకపోతే మూడున్నర నెలల జీతం లెక్కన, కనిష్ఠ, గరిష్ఠ పరిమితులకు లోబడి, సాయం చెల్లించాలి.

బాక్స్: చీపురుకు వయసు లేదు

సింగపూర్‌లో అందరికీ వర్తించే కనీస వేతనం లేదు. శుభ్రత, సెక్యూరిటీ లాంటి రంగాల్లో మాత్రం పనికీ నైపుణ్యానికీ తగ్గ వేతన మెట్లున్నాయి. శుభ్రత రంగంలో 2014 నుంచి లైసెన్సు కావాలంటే వాటిని పాటించాలి. ఆ మెట్లలో వయసు గడి లేదు. నాకు నచ్చిన పద్ధతి ఇదే.

బాక్స్: మనవాళ్లు

నిర్మాణ పనులకు వర్క్ పర్మిట్ మీద వెళ్లిన తెలుగు కూలీలకు సీపీఎఫ్ వర్తించదు. వాళ్ల తరఫున యజమాని ప్రభుత్వానికి లెవీ కడతాడు. ఎంప్లాయ్‌మెంట్ పాస్ మీదున్న ఐటీ ఉద్యోగులకూ సీపీఎఫ్ లేదు. వర్క్ పర్మిట్‌కు గరిష్ఠ వయసు 2025 జూలైలో 63కు పెరిగింది. అది దాటితే ఇంటిదారే.

చివరి మాట

వయసు చూసి జీతం కోయడం తప్పని 2017లో ఒప్పుకున్న దేశం, వయసు చూసి యజమాని వాటా కోయడం ఎందుకు సబబో చెప్పాలి. ఉద్యోగం నిలబెట్టడానికి సబ్సిడీ అవసరమైతే ఖజానా నుంచి ఇవ్వాలి. ముసలివాళ్ల పొదుపు నుంచి కాదు. ఈలోగా, పర్మనెంట్ రెసిడెన్సీ తీసుకుని అక్కడే 55 దాటబోతున్న తెలుగు పాఠకులకు ఒక మనవి: పుట్టినరోజు తర్వాతి నెల చేతికొచ్చే డబ్బు పెరిగిందని సంబరపడే ముందు, పేస్లిప్‌లో యజమాని వాటా ఎంత తగ్గిందో చూసుకోండి. మిగిలిన డబ్బును విడిగా దాచుకోండి.