అణాల అంచనా నుండి పంటకోత కొలత వరకు



ఏ చేను ఎన్ని ఎకరములో తెలుపు లెక్క మన గుర్రంకొండ సీమలో బహుకాలముగా కలదు. 1800 సంవత్సరమున ఈ ప్రాంతము దత్తమండలములలో భాగముగా కుంపిణీవారి వశమైన పిదప, కలెక్టరు థామస్ మన్రో చేలను కొలిపించెను. నేల కదలదు గనుక ఒకమారు కొలిచిన చాలును. పంటయన్ననో ఏటికొక తీరు. ప్రతి చేనును కోయించి తూచుట ఏ సర్కారుకును సాధ్యము కాదు.

కావున చిరకాలము కంటి అంచనాయే గతి యయ్యెను. నిండు పంట పదునారణాలు. సగము పండిన ఎనిమిదణాలు. శిస్తు వజా కోరువానికి పంట తక్కువగాను, శిస్తు రాబట్టువానికి ఎక్కువగాను కనుపట్టుట సహజమే కదా! 1876–78 నాటి ఘోర క్షామము మన సీమను పీడించిన పిమ్మట, 1880లో క్షామ విచారణ సంఘమువారు వ్యవసాయపు లెక్కలను క్రమముగా సేకరింపవలెనని సిఫారసు చేసిరి.

1923–25 సంవత్సరములలో హబ్బాకు అను అధికారి బీహారు, ఒరిస్సా రాష్ట్రమున వరిచేలలో చిన్న చిన్న మడులను చీటి వేసినట్లు ఎన్నుకొని, కోయించి తూచెను. పిదప మహలనోబిస్ పండితుడు 1931లో కలకత్తాలో స్థాపించిన సంఖ్యాశాస్త్ర సంస్థవారు వంగదేశపు జనుము పంటను ఈ మార్గముననే లెక్కించిరి. ఆంధ్ర విశ్వవిద్యాలయమున చదివిన మన తెలుగువాడు సి. ఆర్. రావు 1941లో ఆ సంస్థ చేరి, ఈ శాస్త్రమున జగద్విఖ్యాతుడయ్యెను.

అన్నము ఉడికినదో లేదో ఒక్క మెతుకు చెప్పును. కుండ యంతయు ఒక్క తీరున ఉడుకును గనుక. ఊరి చేలు అట్టివి కావు. చెరువు క్రింది చేను వేరు, కొండవాలు గరుసునేల వేరు. అందుచేత పెక్కుచోట్ల కోయవలెను. ఆ చోట్లను ఎవరి ఇష్టముతోను గాక, సంఖ్యల పట్టికను బట్టియే ఎన్నుకొనవలెను.

పంటకోత ప్రయోగములో సాధారణముగా 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు గల మడిని గుర్తింతురు. దానిలో 4 కిలోల ఎండు వేరుశనగకాయలు తూగినచో హెక్టారునకు 1600 కిలోలు, ఎకరమునకు సుమారు 648 కిలోలు అగును. అర కిలో తేడా వచ్చిన ఎకరమునకు 81 కిలోల తేడా! ఊరిలో నాలుగు కోతలే జరిగినచో, ఆ ఒక్క తప్పు ఊరి సగటును ఇరువది కిలోలు మార్చును.

2016లో ఏర్పడిన ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజనలో, దిగుబడిని బట్టి పరిహారము నిర్ణయించు పంటలకు ముఖ్య ఆధారము ఈ సగటు. సగటు హద్దుకు దిగువనున్న ఊరివారికి పరిహారము. హద్దు దాటినచో, దిగుబడి లెక్కన నష్టపడిన పేదరైతుకును లేదు.

కావున మేము సభ్యులకు మనవి చేయునదేమనగా: మడి మీ చేనిలో పడినచో, కోత దినమును తెలిసికొని తప్పక హాజరు కండు. “ఇచట పైరు పలుచన, ప్రక్కన కొలువుడు” అని ఎవరు చెప్పినను ఒప్పుకొనకుడు, మీరును అడుగకుడు. టేపును, తూకమును కన్నులార చూడుడు. పచ్చికాయల తూకమును, ఎండిన పిదప తూకమును వేరువేరుగా వ్రాయించుడు. ఆ మడి మీ చేనిలోనిదైనను, లెక్క ఊరందరిది.